పరిశేషన్యాయము - పఠనావగాహన ప్రశ్నలు

విజయవాడలో బందరు రోడ్డును చెన్నై-కోల్‌కతా రహదారి ఖండించుచోట బెంజ్ సర్కిల్ కలదు. ఆ పరిసరములలో తిరుగువారికి పోటీపరీక్షల శిక్షణాలయముల ప్రకటనలు కంటబడక మానవు. అట్టి శిక్షణలో నేర్పు ఉపాయములలో ఒకటి ఇది: ఖండికను చదివిన పిదప సరియైన సమాధానమును వెదకుటకు ముందు తప్పు సమాధానములను కొట్టివేయవలెను. ఇది చదువుకు చేటని భావించు పండితులు కలరు. ఆ మాట సగమే నిజమని మా అభిప్రాయము.

ప్రశ్నరూపము కొత్తది. అమెరికాలోని కాన్సాస్‌లో ఫ్రెడరిక్ కెల్లీ 1914-15 ప్రాంతమున కూర్చిన మౌనపఠన పరీక్ష దీని తొలి ఉదాహరణములలో నొకటి. 1917లో థార్న్‌డైక్, బాలుర తప్పు జవాబులను పరిశీలించి, చదువుట యనగా తర్కించుటయే యని ప్రతిపాదించెను. మన దేశమున సివిల్ సర్వీసుల ప్రాథమిక పరీక్ష 1979లో ఏర్పడగా, అందు పఠనావగాహన 2011లో ప్రధానస్థానము నొందెను.

పద్ధతి మాత్రము మనకు పాతదే. న్యాయభాష్యమున వాత్స్యాయనుడు ‘శేషవత్’ అను అనుమానమునకు ఇచ్చిన వ్యాఖ్యలలో నొకటి పరిశేషము. శబ్దము ద్రవ్యమా, గుణమా, కర్మయా యని సంశయము. ఒకే ద్రవ్యము నాశ్రయించుటచే ద్రవ్యము కాదు, మరియొక శబ్దమునకు హేతువగుటచే కర్మ కాదు, మిగిలినది గుణము. ఇందు రెండు నియమములు గమనింపదగినవి. పక్షములన్నియు ముందే లెక్కకు రావలెను. ప్రతి నిరాకరణమునకును హేతువు ఉండవలెను. పరీక్షలో మొదటిదానిని ప్రశ్నకర్తయే సమకూర్చును. రెండవది అభ్యర్థి భారము.

ఒక ఖండికను కల్పింతము: “1855లో పూర్తియైన కృష్ణ ఆనకట్ట 1952లో తెగెను. దాని స్థానమున ప్రకాశం బ్యారేజి 1957లో ప్రారంభమయ్యెను.” ‘ఆనకట్టకు పూర్వము డెల్టాలో సేద్యమే లేదు’ అనునది ఖండిక చెప్పని అతివాక్యము. ‘బ్యారేజికి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి’ అనునది లోకమున నిజము, ఖండికలో లేదు. తెలిసినవాడే ఇచట మోసపోవును. ‘బ్యారేజి తెగగా ఆనకట్ట కట్టిరి’ అనునది క్రమభంగము. ఈ మూడింటిని త్రోసివేయుటకు ఖండికను మరల చూడకతప్పదు. ఇది చదువే.

ఖండిక చూడకయే, ‘ఎల్లప్పుడు’ అను పదమున్నదనియో, మిగిలినవానికంటె పొట్టిదనియో కొట్టివేయుట వేరు. అమెరికా కళాశాల ప్రవేశపరీక్షపై 1990లో ప్రకటితమైన పరిశోధనలో, ఖండికలు ఇవ్వకపోయినను విద్యార్థులు ఊహకు మించి సరియైన జవాబులు గుర్తించిరి. పండితుల ఆక్షేపణ ఇచట సబబే. అయితే ఆ దోషము అభ్యర్థిది కాదు, తప్పు సమాధానములను నిర్లక్ష్యముగా కూర్చినవానిది.

మార్కుల గణితమును విస్మరింపరాదు. సివిల్ సర్వీసు పరీక్షలో తప్పునకు మూడవవంతు కోత. నాలుగింటిలో గుడ్డిగా ఊహించినచో సగటు లాభము సున్న. ఒకటి త్రోసివేసినచో మార్కులో తొమ్మిదవవంతు లాభము. 2011లో మన రాష్ట్రమున మొదలైన ఉపాధ్యాయ అర్హత పరీక్షలో కోత లేదు గనుక హేతువులేని ఊహకు శిక్షయు లేదు.

మరియొక మాట. ప్రధాన పరీక్షను తెలుగున వ్రాయవచ్చును గాని, ప్రాథమిక పరీక్షాపత్రము హిందీ, ఆంగ్లములందే యుండును. తెలుగున చదువుకొన్న కృష్ణాతీరపు బాలుడు పరభాషలో సమాధానముల సూక్ష్మభేదములను తూచవలసి వచ్చును. హేతువు దొరకనిచోట పదముల రూపమును బట్టి కొట్టివేయుటకు అతడే ముందుగా లోబడును. ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఖండికయు, సమాధానములును తెలుగువే. అచట కూర్పుదోషము కనబడినచో మనము పరభాషను నిందింప వీలులేదు.