చదువుటకు మాత్రమే: ఫైళ్ల తాళముల చరిత్ర

ఇంటి కంప్యూటరులో విండోసును తిరిగి ఇన్‌స్టాలు చేసిన పిమ్మట పాత ఫోల్డరును తెరువబోగా "ప్రవేశము నిరాకరింపబడినది" అను ప్రకటన ఎదురగుట కలదు. వాడుకరి పేరు అదే, పాస్‌వర్డు అదే. అయినను ఫోల్డరు తెరచుకొనదు. "చదువుటకు మాత్రమే" అను గడిలోని గుర్తును తొలగించినను అది మరల ప్రత్యక్షమగును. ఇది యంత్రము చెడిపోయినందున కలుగు చిక్కు కాదు. వేర్వేరు అవసరముల నుండి పుట్టిన రెండు విధముల తాళములు ఒకే యంత్రములో చేరుటయే దీనికి మూలము.

వస్తువునకు వేసిన తాళము

మొదటి తాళము వస్తువునకు సంబంధించినది. పెద్ద కంప్యూటర్ల కాలమున అయస్కాంత టేపు చక్రమునకు వెనుక ఒక కడియము ఉండెడిది. కడియము ఉన్నప్పుడే టేపుపై వ్రాయుటకు వీలగును. తీసివేసినచో చదువుట మాత్రమే సాధ్యము. తరువాత వచ్చిన అయిదుంబావు అంగుళముల ఫ్లాపీకి అంచున ఒక నొక్కు ఉండెడిది. దానిని కాగితపు ముక్కతో మూసినచో వ్రాత నిలిచిపోవును. ఈ తాళములు "వ్రాయవచ్చునా?" అను ప్రశ్నకే జవాబు చెప్పును. వ్రాయువారు ఎవరని అడుగవు.

మనిషిని బట్టి తాళము

రెండవ తాళము, ఒకే యంత్రమును పలువురు పంచుకొనుట నుండి పుట్టినది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో బృందము 1961లో సి.టి.ఎస్.ఎస్. అను కాల విభజన వ్యవస్థను ప్రదర్శించెను. అందు ప్రతి వాడుకరికి తన ఫైళ్లు, తన పాస్‌వర్డు ఉండెడివి.

ఒకప్పుడు అక్కడ ఒక వింత జరిగినది. సిబ్బందిలో ఒకరు పాస్‌వర్డుల ఫైలును, మరియొకరు ఆనాటి ప్రకటనను ఒకేసారి దిద్దుచుండిరి. దిద్దుబాటు ప్రోగ్రాము తన తాత్కాలిక ఫైలునకు ఎల్లప్పుడు ఒకే పేరు పెట్టెడిది. అందుచే రెండును తారుమారై, లోనికి ప్రవేశించిన ప్రతివారికి ప్రకటనకు బదులు అందరి పాస్‌వర్డులు కనబడినవి. ఇందు దొంగ ఎవరును లేడు. రక్షణ దురుద్దేశమునకే గాక పొరపాటునకును అడ్డు నిలువవలెనని ఈ ఘటన తెలుపుచున్నది.

1965లో ఆరంభమైన మల్టిక్సు వ్యవస్థలో, ఎవరికి ఏ అనుమతి కలదో తెలుపు పట్టిక ప్రతి ఫైలునకు జతచేయబడెను. ఆ పని నుండి 1969లో విడివడిన బెల్ ప్రయోగశాలలలో కెన్ థామ్సన్, డెన్నిస్ రిచీ యూనిక్సును నిర్మించిరి. అందు పట్టికకు బదులు కొన్ని బిట్లు చాలినవి. చదువుటకు 4, వ్రాయుటకు 2, నడుపుటకు 1. యజమాని, అతని బృందము, ఇతరులు అను ముగ్గురికి మూడు అంకెలు. మార్కుల ఫైలునకు 640 అని ఉన్నదనుకొందము. మొదటి 6 అనగా 4, 2 కలిసినది. ఉపాధ్యాయుడు చదువను, దిద్దను గలడు. 4 వలన తోటి ఉపాధ్యాయులు చదువగలరు. 0 వలన ఇతరులకు ఏమియు లేదు.

యూనిక్సులో ఫోల్డరు అనగా పేర్ల జాబితా. ఫైలును తొలగించుట అనగా ఆ జాబితా నుండి పేరు కొట్టివేయుట. కనుక సామాన్యముగా, చదువుటకు మాత్రమే అనుమతించిన ఫైలును సైతము, ఫోల్డరులో వ్రాయు హక్కు గలవారు తొలగింపగలరు.

రెండు మార్గములు కలిసిన చోటు

1981లో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరు ఒక్కరి కొరకు ఉద్దేశింపబడినది. కావున దాని డాస్ వ్యవస్థలో యజమాని అను భావనయే లేదు. "చదువుటకు మాత్రమే" అను గుర్తు టేపు కడియము వంటిదే. 1984 నాటి అట్రిబ్ ఆజ్ఞతో ఎవరైనను దానిని పెట్టవచ్చును, తీయవచ్చును. కార్యాలయముల కొరకు 1993లో వచ్చిన విండోస్ ఎన్.టి. మాత్రము మల్టిక్సువలె అనుమతుల పట్టికలను స్వీకరించెను. 2001లో విండోస్ ఎక్స్.పి. ద్వారా ఆ పట్టికలు ఇండ్లకును చేరెను. పాత గుర్తును నిలిచియే యుండెను.

ఫోల్డరు విషయములో ఆ పాత గుర్తు రక్షణ కానే కాదు. ఫోల్డరు రూపము ప్రత్యేకముగా మార్చబడినదని తెలియుటకు విండోస్ దానిని వాడుకొనును. అందుకే ఆ గడి మనలను మోసగించును. అసలు తాళము అనుమతుల పట్టికలో ఉన్నది. అందు వాడుకరి పేరు గాక, అతనికి కేటాయించిన ఒక సంఖ్య వ్రాయబడి యుండును. తిరిగి ఇన్‌స్టాలు చేసినప్పుడు పేరు పాతదైనను సంఖ్య క్రొత్తది. డిస్కు దృష్టిలో ఆ మనిషి అపరిచితుడు.

చిక్కు విడదీయు క్రమము

మొదట మెమరీ కార్డు ప్రక్కనున్న చిన్న మీట వంటి తాళము కలదేమో చూడవలెను. పిదప ఫైలు గుర్తును, తరువాత భద్రత పుటలోని యజమానిని, అనుమతులను పరిశీలింపవలెను. నిర్వాహకుని ఖాతా నుండి ఆ ఫోల్డరు యాజమాన్యమును స్వీకరించి, తనకు అనుమతి వ్రాసికొన్నచో పాత ఫొటోలు, పాఠములు తిరిగి దక్కును. అయితే విండోస్ ద్వారా ఫైళ్లను గూఢలిపిలో ఉంచియుండినచో యాజమాన్యము చాలదు; పాత తాళపుచెవి కావలెను. కావున తిరిగి ఇన్‌స్టాలు చేయుటకు ముందే ఆ తాళపుచెవిని, ఫైళ్ల నకళ్లను వేరొక చోట భద్రపరచుట అవసరము.

విసుగుతో డిస్కు అంతటికిని "అందరికి పూర్తి హక్కు" అని వ్రాయుట తగదు. అట్లు చేసినచో ఆ యంత్రమును వాడు ప్రతివారికి, వారు నడుపు ప్రతి ప్రోగ్రామునకు ప్రతి ఫైలును మార్చు హక్కు లభించును. ఒక గది తాళము తెరువవలసి వచ్చినప్పుడు ఇంటి తలుపులన్నియు ఊడదీయ నక్కరలేదు.