తిరిగి వచ్చినవారి చిత్రము

చలనచిత్రమును చరిత్రకు ఆధారముగా గ్రహింపవచ్చునా యను ప్రశ్నకు ‘స్కూల్ ఫర్ డేంజర్’ అను ఆంగ్ల చిత్రము ఒక గట్టి పరీక్ష. బ్రిటిషు రాయల్ ఎయిర్ ఫోర్సువారి చలనచిత్రశాఖ దీనిని 1944లో ఆరంభింపగా, 1947లో ప్రదర్శితమైనది. ఇందలి ప్రధానపాత్రధారులు వృత్తినటులు కారు. జర్మనుల ఆక్రమణలోనున్న ఫ్రాన్సులో నిజముగా రహస్యోద్యోగము చేసి వచ్చిన హ్యారీ రే, జాక్వెలిన్ నియర్న్ అనువారే ఫెలిక్సు, క్యాట్ అను పేర్లతో తెరపై కనబడుదురు. రే పూర్వాశ్రమమున ఉపాధ్యాయుడు. నియర్న్ 1943 జనవరిలో పారాచూటుతో దిగి, పదునైదు మాసములు వార్తాహరురాలుగా సంచరించినది.

1940 జూలైలో ఏర్పడిన స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అను రహస్యసంస్థ వీరిని తీర్చిదిద్దినది. స్కాట్లండులోని ఆరిసేగ్ ప్రాంతమున ఆయుధములు, ప్రేలుడు పదార్థములు; రింగ్‌వేలో పారాచూటు దూకుట; బ్యూలీలో మారుపేరుతో బ్రదుకు విద్య. అర్ధరాత్రి నిద్రలేపి, జర్మను దుస్తులు ధరించినవారిచేత ప్రశ్నింపించుట ఈ కడపటి పాఠములలో నొకటి. ఇట్టి విద్యను నేర్చినవారే దానిని మరల అభినయించుటచేత, చిత్రమందలి శిక్షణాభాగమునకు తక్కిన యుద్ధచిత్రములకు లేని ప్రామాణ్యము కలదని నా యభిప్రాయము.

ఈ విద్య యెందులకు? సోషో పట్టణములోని పెజో కర్మాగారముపై 1943 జూలైలో బ్రిటిషు విమానములు బాంబులు వేయగా అవి గురి తప్పి, నూరుమందికి పైగా పౌరులు మరణించిరి. అంతట రే యజమానులలో నొకడైన రోడాల్ఫ్ పెజోను ఒప్పించి, నవంబరులో కార్మికులచేతనే యంత్రములను పేల్చివేయించెను. గురి తప్పిన విమానములును, తరువాత ఈ చిత్రమును తీసినదియు ఒకే వైమానికదళము!

అయినను ఈ సాక్ష్యమునకు ఒక సహజమైన లోపము కలదు. తిరిగి వచ్చినవారే నటింపగలరు. ఫ్రాన్సు శాఖకు చెంది ప్రాణములు గోల్పోయిన 104 మంది పేర్లు వలాంసే గ్రామములోని స్మారకమున చెక్కబడినవి. వారిలో 13 మంది స్త్రీలు. 1944లో డాఖౌ నిర్బంధశిబిరమున చంపబడిన నూర్ ఇనాయత్ ఖాన్ వారిలో నొకతె. తిరిగి వచ్చినవారిలోను మౌనము వహించినవారు కలరు. జాక్వెలిన్ చెల్లెలు ఐలీన్ నియర్న్ రేడియో ప్రసారములు చేయుచు 1944 జూలైలో పట్టుబడి, రావెన్స్‌బ్రూక్ శిబిరమున బాధలనుభవించి, 1945లో తప్పించుకొనినది. చిత్రమున ఆమె లేదు. 2010లో టార్కీ పట్టణమున ఆమె ఒంటరిగా మరణించిన పిమ్మట, ఇంట పతకములు దొరకినపుడు గాని ఇరుగుపొరుగువారికి ఆమె యెవరో తెలియలేదు.