డిపెండెన్సీల భద్రతాపరీక్ష: ఒక చారిత్రక పరిశీలనము

బెంగుళూరు, చెన్నపట్టణము, పూనా నగరములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల యువకులు పలువురు నేడు సాఫ్ట్‌వేర్ వృత్తి నవలంబించి యున్నారు. వారి పనిలో పెద్దల కంతగా తెలియని విషయ మొకటి కలదు. ఒక ప్రోగ్రామునందు వారు స్వయముగా వ్రాయునది స్వల్పము. అధికభాగము అన్యులు వ్రాసి ఉచితముగా నొసగిన లైబ్రరీలే. వీనినే డిపెండెన్సీలందురు. అవి మరికొన్నిటిపై, ఆ కొన్ని వేరొకటిపై ఆధారపడి యుండును. కావున అడుగున నొకచో లోపమున్న, పైన కట్టుకొన్న వారందఱి యిండ్లకును దొంగకు దారి యేర్పడును.

ఇట్టి లోపములకు సంఖ్యలిచ్చి పట్టికగా వ్రాయు పద్ధతిని 1999లో అమెరికాలోని మైటర్ సంస్థ ప్రారంభించినది. దానికి సి.వి.ఇ. అని పేరు. 2005 నుండి ఆ దేశ ప్రభుత్వమునకు చెందిన నిస్ట్, ఎన్.వి.డి. యను భాండారమును నడపుచున్నది. అయినను వందల కొలది లైబ్రరీలను ప్రతిదినము పట్టికతో సరిచూచు నోపిక యెవరికుండును? 2012లో ఓవాస్ప్ వారి పక్షమున వెలువడిన డిపెండెన్సీ-చెక్ ఆ పనిని యంత్రమున కప్పగించెను. బిల్డు జరుగునపుడెల్ల లైబ్రరీల పేర్లను, వెర్షన్లను సేకరించి, పట్టికతో పోల్చి, నిర్ణయించిన తీవ్రతను మించిన లోపము కనబడినచో బిల్డును నిలిపివేయుట దీని విధానము.

2017 మార్చి 7వ తేదీన అపాచీ స్ట్రట్స్ లైబ్రరీలోని ఘోరలోపము, దాని సవరణతో సహా, ప్రకటితమయ్యెను. ఋణచరిత్రలను భద్రపఱచు ఈక్విఫాక్స్ అను అమెరికా సంస్థలో 9వ తేదీననే సరిచేయవలసినదని సూచన వెళ్లెను. 15న స్కానర్లు నడపిరి. ఆ లైబ్రరీ వాని కంటబడలేదు. మే నెలలో చొరబడిన వారు జూలై చివరివరకు లోపలనే సంచరించిరి. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరములు పరుల పాలైనవి. అచ్చట పరీక్షయే జరుగలేదనుకొనుట పొరపాటు. నడచుచున్న సర్వర్లను బయటినుండి తట్టి చూచుటకంటె, నిర్మాణసమయముననే లోపలి సామగ్రికి జాబితా వ్రాసికొనుట మేలని నా యభిప్రాయము.

2018లో ఎన్.పి.ఎమ్. ఈ పరీక్షను తనలోనే చేర్చుకొనెను. 2019లో గిట్‌హబ్ స్వాధీనము చేసికొన్న డిపెండబాట్, సవరణను కూడ తానే వ్రాసి పంపును. అయితే హెచ్చరికలు మితిమీరినచో పనివారు విసిగి పరీక్షనే కట్టివేయుదురు. వాడని భాగములోని లోపమునకును బిల్డు నిలిచిపోయిన, వారినే తప్పుపట్టుట న్యాయము కాదు.

2021 డిసెంబరులో లాగ్4జె లోపము బయటపడగా, జాబితా లేని సంస్థలకు ‘మాయం దది యున్నదా?’ యని వెదకుటయే పెద్ద పనియయ్యెను.

ఎక్స్.జెడ్. లైబ్రరీ కథ వేరు. రెండేండ్లకు పైగా తోడ్పడి నమ్మకము సంపాదించిన యొకరు అందులో దొంగద్వారమును దాచిరి. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, లాగిన్ కావలసిన సమయము అరసెకను హెచ్చుటను గమనించి, దానిని త్రవ్వి తీసెను. నాటివరకు ఆ వెర్షన్లలోని యీ దోషమునకు పట్టికలో సంఖ్యయే లేదు.