యారాడ కొండ – మా అమ్మమ్మ కథలు

విశాఖపట్నం చూసినవారికి డాల్ఫిన్స్ నోస్ గురించి వేరే చెప్పక్కర్లేదు. ఊరికి దక్షిణాన సముద్రంలోకి ముక్కు చాచుకుని నిలబడ్డ కొండ అది. దొరలు పెట్టిన ఆ పేరు మా అమ్మమ్మ నోట ఏనాడూ వినలేదు. ఆవిడకి అది యారాడ కొండే.

అమ్మమ్మ కాపురానికొచ్చింది వన్ టౌన్‌లో ఒక పెంకుటింటికి. పెరట్లో నూతి దగ్గర నిలబడితే కొండ కనిపించేదట. దాని గురించి ఆవిడ ముఖ్యంగా రెండు కథలు చెప్పేది.

మొదటిది ఓడల కథ. "రేవు కట్టేటప్పుడు కొండ కింద రెండు ఓడల్ని కావాలనే ముంచేశారే" అనేది. మేం పిల్లలం పకపకా నవ్వేవాళ్లం. ఓడలు భద్రంగా ఉండడానికే కదండీ రేవు! ఎవరైనా చేతులారా ముంచుకుంటారా? పెళ్లయిన చాలా ఏళ్లకు రేవు చరిత్ర చదువుతుంటే తెలిసింది, అది అక్షరాలా నిజమని. కొండ ఒకవైపు కెరటాల్ని కాస్తుంది గాని, అదొక్కటే చాలలేదు. ఒడ్డు వెంట కొట్టుకొచ్చే ఇసుక ముఖద్వారంలో మేటవేసేది. అందుకని రెండు పాత ఓడల్ని కొండ ముందు ముంచి, రాళ్లు పోసి, వాటినే అడ్డుకట్ట చేశారు. 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ లోపలికొచ్చింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేశాడు. నవ్వినందుకు తప్పయిందని చెబుదామంటే అప్పటికి అమ్మమ్మ లేదు.

రెండోది బాంబుల కథ. 1942 ఏప్రిల్ 6, సోమవారం. జపాను విమానాలు ఒకే రోజున మన విశాఖ మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊరు ఊరంతా మూటాముల్లె సర్దుకుని బయల్దేరింది. జట్కాలు దొరకలేదు, రైళ్లలో కాలు పెట్టే చోటు లేదు. రెండేళ్ల మా అమ్మని చంకనేసుకుని అమ్మమ్మ విజయనగరం వెళ్లిపోయింది. ఆవిడ అత్తగారు మాత్రం గడప దాటనన్నారు. "కొండ అడ్డుండగా మనకేం భయం?" అన్నారట. ఒక బాంబు కొండకి తగిలి సముద్రంలోకి దొర్లిపోయిందని కూడా మా ఇంట్లో చెప్పుకునేవారు. పైనుంచి వచ్చే విమానానికి కొండ ఏం అడ్డండీ! ఈ కథ మాత్రం నేను నమ్మను.

అయినా ఆ నమ్మకం మా ఇంట్లోంచి పోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నేరుగా విశాఖ మీదికే వచ్చింది. తలుపులు విరిగిపడుతుంటే, డెబ్భై దాటిన మా అమ్మ మంచం మీద కూర్చుని, "కొండ ఉంది కదే, ఏమీ కాదులే" అంది. అచ్చం వాళ్ల నాయనమ్మ మాటే. మర్నాడు చూస్తే ఊళ్లో చెట్లన్నీ కూలిపోయి ఉన్నాయి.

విజయనగరంలో ఉన్నన్నాళ్లూ అమ్మమ్మకి అన్నం సయించలేదట. పెద్దావిణ్ణి ఒంటరిగా వదిలేసి వచ్చానే అని ఒకటే బాధ. గొడవ సద్దుమణిగాక భయంభయంగా తిరిగొచ్చింది. వీధి తలుపు బార్లా తీసే ఉంది. లోపల అత్తగారు ఇంటిల్లిపాదికీ ఏడాదికి సరిపడా ఆవకాయ ఒక్కచేత్తో పెట్టేసి, జాడీలకి వాసెన గుడ్డలు కడుతున్నారట. కోడల్ని చూసి, "వచ్చావా? ఉప్పు చాలిందో లేదో కాస్త చూడు" అన్నారట.