మొజార్ట్ ఏకసంథాగ్రాహేనా?

ఒక్కసారి వినగానే పాఠం అప్పజెప్పే విద్యార్థిని ‘ఏకసంథాగ్రాహి’ అని మెచ్చుకోవడం మనందరం విన్నదే. పాశ్చాత్య సంగీత చరిత్రలో ఆ పేరు మొజార్ట్‌కు దక్కింది. అందుకు కారణమైన 1770 నాటి సంఘటనను కాస్త దగ్గరగా చూస్తే మరో పాఠం కనిపిస్తుంది.

రోమ్‌లోని సిస్టీన్ చాపెల్ గానంలో అప్పట్లో వాద్యాలుండేవి కావు, గాత్రాలే ఉండేవి. వాద్యం లేని బృందగానానికి వాడే ‘ఆ కాపెల్లా’ అన్న ఇటాలియన్ మాటకు ‘చాపెల్ పద్ధతిలో’ అనే అర్థం. అక్కడ ఈస్టర్‌కు ముందు వచ్చే పవిత్ర వారంలో, 17వ శతాబ్దంలో గ్రెగోరియో అల్లెగ్రి కూర్చిన ‘మిసెరేరే’ అనే పశ్చాత్తాప కీర్తన పాడేవారు. ఒక బృందంలో అయిదు గాత్రాలు, రెండో బృందంలో నాలుగు. చివర తొమ్మిదీ కలుస్తాయి. మన బృందగానంలో సాధారణంగా అందరిదీ ఒకే వరుస. ఇక్కడ ఒకే క్షణంలో ఒక్కో గాత్రం ఒక్కో స్వరం పలుకుతుంది. వాటిని చెవితో విడదీసి రాయడం అందుకే కష్టం.

ఆ ఏప్రిల్‌లో 14 ఏళ్ల మొజార్ట్ తండ్రితో వెళ్లి ఆ కీర్తన విన్నాడు. దాని నకలు తీసి ఎవరికైనా ఇస్తే మతబహిష్కారమేనని, అయినా అది తమ చేతికి వచ్చేసిందని, కొడుకే రాసేశాడని తండ్రి లియోపోల్డ్ ఏప్రిల్ 14న ఇంటికి ఉత్తరం రాశాడు.

ఇందులో అద్భుతమెంత, అభ్యాసమెంత? కీర్తన పొడవైనదే కాని, అందులోని సంగీతం కొద్ది. మాటలు మారుతున్నా ఒక్కో బృందానిది ఒకే వరుస. మధ్యమధ్య వచ్చే చరణాలను ఏకస్వరంగా పఠిస్తారు. కాబట్టి ఒక్క పూటలోనే ఆ వరుస పలుమార్లు వినబడుతుంది. ఇలాంటి గానాన్ని రాసేవారు ముందు అన్నిటికంటే కింది గాత్రాన్ని, తర్వాత పై గాత్రాన్ని పట్టుకుంటారు. స్వరాల పొందిక తెలిసినవారికి మధ్య గాత్రాలు ఎక్కడుండాలో చాలావరకు ఊహకు అందుతుంది. వరుస మళ్లీ వచ్చినప్పుడు ఆ ఊహను చెవితో సరిచూసుకోవచ్చు. మొజార్ట్‌కు పసితనం నుంచి తండ్రి నేర్పిన విద్య ఇదే. రోమ్ చేరడానికి కొద్ది వారాల ముందే బొలోన్యాలో పాద్రే మార్తీని అనే సంగీత పండితుడి ఎదుట అతను ఈ విద్యలోనే పరీక్షకు నిలిచాడు.

కథ అక్కడితో ఆగలేదు. మొజార్ట్ మరణానంతరం అతని అక్క చెప్పిన జ్ఞాపకాల ప్రకారం, గుడ్ ఫ్రైడే నాడు అతను మళ్లీ వెళ్లాడు. రెండోసారి విని, అక్కడక్కడ దిద్దుకున్నాడు. శిక్షేమీ పడలేదు. ఆ జూలైలో పోప్ 14వ క్లెమెంట్ అతనికి ‘గోల్డెన్ స్పర్’ బిరుదునిచ్చాడు. అతను రాసిన ఆ ప్రతి మాత్రం నేడు లభ్యం కాదు.

లోకం మొదటి వినికిడినే గుర్తుపెట్టుకుంది. విద్య నేర్చేవారికి పనికొచ్చేది రెండోది. మనలో ఏకసంథాగ్రాహులు ఎందరో చెప్పలేం గాని, జవాబు పత్రం ఇచ్చేముందు “మళ్లీ ఒకసారి చూసుకో” అన్న మాట వినని వారు ఉండరు. అంతటి మొజార్ట్‌కే ఆ అవసరం కలిగింది.