కొట్టు అరుగు కింద

పాత శెట్టిగారి కొట్టు గురించి తీపి జ్ఞాపకాలు చాలానే రాస్తున్నారు. బెల్లం వాసన, కాయితం పొట్లాలు, కొసరు పప్పులు. అవి అబద్ధాలేం కావు. కాకపోతే అరుగెక్కి నిలబడ్డవాళ్ల జ్ఞాపకాలవి. అరుగు కింద నిలబడ్డవాళ్ల మాటేమిటి?

1950లో అమల్లోకొచ్చిన రాజ్యాంగం, దుకాణాల్లోకి, హోటళ్లలోకి కులం పేరుతో ఎవర్నీ రానివ్వకుండా ఆపకూడదని 15వ అధికరణంలో పేరుపెట్టి మరీ చెప్పింది. ఆపితే శిక్షని 1955 నాటి అస్పృశ్యత నేరాల చట్టం చెప్పింది. చట్టంలో దుకాణం పేరు రాయాల్సొచ్చిందంటేనే అక్కడ ఏం జరిగేదో అర్థమవుతుంది. ఆ చట్టాలొచ్చాక కూడా మా అమ్మమ్మ డబ్బులు అరుగు మీద పెట్టేది. సరుకు పైనుంచి కొంగులో పడేది.

అయినా ఆ కొట్టంటే ఆమెకి ఇష్టమే. కూలి దొరకని రోజుల్లో సోలెడు నూకలు అప్పిచ్చింది అదే. బడి మొహం చూడని ఆమె పేరు రాతకెక్కింది కూడా ఆ పద్దుపుస్తకంలోనే. ఆ అప్పే ఆమెని ఇంకో కొట్టుకి పోనివ్వలేదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాకే ఆ కట్టు కాస్త సడలింది.

ఇష్టం, అవమానం, అప్పు మూడూ కలిస్తేనే కొట్టు చరిత్ర. వాడల్లో ముసలమ్మలు ఇంకా ఉన్నారు. వాళ్లనడిగి రాయడం మన పని.