రంది పడ్డోడు పిరికోడు కాదు: సైనికుల ఆసుపత్రుల నుంచి మన క్యాంపు రూముల దాకా

పోస్టు పొడుగుంది. శుక్రవారం తీరిక దొరికినప్పుడు సదువుండ్రి. ఎవరికన్నా ఇప్పుడే మనసు బాగా బరువుగా ఉంటే మాత్రం ముందు చివరి పేరాలు సదివి, తర్వాత పైకి రండి.

సొహార్‌లనో, బర్కాలనో, దుక్ములనో మనోడు ఒకడు ప్రాణం తీసుకున్నడని తెలిస్తే మన గ్రూపుల్లో రెండు మాటలు తిరుగుతయి. ఒకటి, "పిరికోడు, ధైర్యం చాలలే." రెండోది, "పోవాలనుకున్నోన్ని ఎవరు ఆపుతరు?" ఈ రెండు మాటలూ తప్పు. మేము చెప్పుడు కాదు, చరిత్రే చెప్తది. ఆ చరిత్రలో ఉన్నది మనలాంటి కూలోళ్ళు కాదు, తుపాకీ పట్టిన సైనికులు. ధైర్యం అనే మాటకు వాళ్ళకన్నా పెద్ద సాక్ష్యం ఎక్కడుంటది?

మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో నెలల తరబడి ఫిరంగి మోతల కింద ఉన్న సైనికులకు చేతులు వణికేవి, మాట పడిపోయేది, నిద్ర పట్టేది కాదు. డాక్టర్లు దానికి 'షెల్ షాక్' అని పేరు పెట్టారు. పై అధికారులు మాత్రం చాలామందిని పిరికివాళ్ళ కింద లెక్కగట్టారు. పారిపోయారనీ, పిరికితనం చూపారనీ బ్రిటిష్ సైన్యం తన మనుషులనే నిలబెట్టి కాల్చింది. వాళ్ళలో మనసు దెబ్బతిన్నవాళ్ళు కూడా ఉన్నారు. అట్లా చనిపోయిన 306 మందికి 2006లో, అంటే 90 ఏళ్ళ తర్వాత, బ్రిటన్ ప్రభుత్వం క్షమాపణ చట్టం చేసింది. 'పిరికోడు' అన్న మాటను వెనక్కి తీసుకోవడానికి ఒక దేశానికి అంత కాలం పట్టింది.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల బాధ చూసినంక, 1980లో అక్కడి మానసిక వైద్యులు ఆ గాయాన్ని ఒక జబ్బుగా తమ పుస్తకంలోకి ఎక్కించారు. జబ్బు అని ఒప్పుకున్నారు సరే, మనిషిని ఎట్లా కాపాడాలి? ఆ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు ఒక పాత సైనికుడి దగ్గర నుంచే వచ్చింది.

ఆయన పేరు జెరోమ్ మోటో. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్‌లో అమెరికా సైన్యానికి ట్రక్కు నడిపాడు. అంటే మనలో సగం మంది చేసే పనే, డ్రైవర్. ఆ రోజుల్లో ఒక అమ్మాయి ఆయనకు ఉత్తరాలు రాసేది. పెద్ద విషయాలేం ఉండేవి కావు. నన్నొకరు గుర్తుపెట్టుకున్నారు అన్న సంగతే ఆయనను నిలబెట్టింది. యుద్ధం అయిపోయాక సైకియాట్రిస్ట్ అయ్యాడు. 1969 నుంచి శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. నిరాశతోనో, ప్రాణం తీసుకోబోయో మానసిక ఆసుపత్రిలో చేరి ఇంటికి పోయినవాళ్ళలో, మళ్ళీ వైద్యానికి రాని 843 మందిని రెండు భాగాలు చేశాడు. ఒక భాగానికి చిన్న చిన్న ఉత్తరాలు పంపాడు. మొదట నెలకొకటి, తర్వాత రెండు నెలలకు, ఆ తర్వాత మూడు నెలలకు, అట్లా ఐదేళ్ళలో 24. వాటిలో సలహా లేదు, మందులేసుకున్నవా అన్న నిలదీత లేదు. బాగున్నారా, మిమ్మల్ని తలుచుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి. అంతే. మొదటి రెండేళ్ళలో ఉత్తరాలు అందినవాళ్ళలో ఆత్మహత్యలు తక్కువగా జరిగాయి. కాయితం ముక్క మందులా పనిచేసింది.

ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల తర్వాత అమెరికాలో మళ్ళీ గగ్గోలు మొదలైంది. ఇరాక్ నుంచి వచ్చి 2005లో ప్రాణం తీసుకున్న జాషువా ఓమ్‌విగ్ అనే కుర్రాడి పేరు మీద 2007లో ఒక చట్టం వచ్చింది. మాజీ సైనికుల ఆసుపత్రుల సిబ్బందికి శిక్షణ, ఆసుపత్రికొక నివారణ అధికారి, 24 గంటల ఫోన్ సాయం. చట్టం కోరినవి ఇవీ. ఫోన్ లైను ఆ ఏడే మొదలైంది. ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. సైనికులకు 'ధైర్యంగా ఉండండి' అని ఉపన్యాసం ఇవ్వలేదు. డాక్టర్లకు, నర్సులకు పని నేర్పించారు.

ఏం నేర్పించారు? అంతకు ముందు డాక్టర్లలో ఒక అలవాటు ఉండేది. 'నేను ప్రాణం తీసుకోను' అని రోగితో మాట తీసుకునుడు, కాయితం మీద సంతకం పెట్టించుడు. 1970ల నుంచి అది నడిచింది. అది మనకు కొత్తది కాదు. 'నీ పిల్లల మీద ఒట్టు, మీ అమ్మ మీద ఒట్టు' అని మన రూముల్లో పెట్టించుకునేది అదే. అయితే పరిశీలించి చూస్తే, ఆ సంతకం ప్రాణాలు కాపాడిందన్న ఆధారం దొరకలేదు. పైగా మాట ఇచ్చినోడు మళ్ళీ ఆ ఆలోచన వస్తే సిగ్గుపడి దాచుకునే ప్రమాదం ఉంది. ఒట్టు మనిషి నోరు మూస్తది గానీ మనసులో మంట ఆర్పదు.

దాని జాగాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు మానసిక శాస్త్రవేత్తలు ఒక పద్ధతి తయారుచేశారు. 2008లో మాజీ సైనికుల ఆసుపత్రుల కోసం దాన్ని పుస్తకంగా రాశారు. పేరు సేఫ్టీ ప్లాన్. సైట్ మీద పనిచేసే మనకు ఈ మాట అర్థం కానిది కాదు. ఎత్తుకు ఎక్కే ముందు బెల్టు ఎక్కడ కట్టాలి, పడితే ఎవరిని పిలవాలి అని ముందే రాసుకుంటం కదా. ఇదీ అంతే. మనసు కుదురుగా ఉన్నప్పుడు రాసిపెట్టుకుంటే, కుదురు తప్పినప్పుడు పనికొస్తది.

అందులో ఆరు మెట్లు. మొదటిది, నాకు ప్రమాదం దగ్గర పడుతోందని గుర్తులేంటి: నిద్ర పోవడం, ఇంటి ఫోన్ ఎత్తబుద్ధి కాకపోవడం లాంటివి. రెండోది, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు మళ్ళించేందుకు నేనేం చేయగలను. మూడోది, ఏ మనుషుల మధ్య, ఏ చోట ఉంటే ధ్యాస మళ్ళుతది. నాలుగోది, నోరు తెరిచి 'నాకిట్లుంది' అని ఎవరికి చెప్పగలను. ఐదోది, ఏ డాక్టరు, ఏ ఆసుపత్రి, ఏ నంబరు. ఆరోది, ప్రాణానికి ముప్పు తెచ్చే వస్తువులు చేతికందకుండా చేయడం. నర్సు ప్రశ్నలు అడుగుతది, జవాబులు మాత్రం ఆ మనిషి సొంత మాటల్లోనే రాయాలి. ఆ కాయితం ఆయన జేబులోనే ఉండాలి.

2018లో దీని ఫలితం అచ్చయింది. ఎమర్జెన్సీకి వచ్చిన 1,640 మంది మాజీ సైనికులను చూశారు. సేఫ్టీ ప్లాన్ రాయించుకుని, ఇంటికి పోయాక ఆసుపత్రి నుంచి ఫోన్లు అందుకున్నవాళ్ళలో, ఆరు నెలల్లో ఆత్మహత్య ప్రయత్నాల లాంటివి 45 శాతం తక్కువ. కాయితం, ఫోను. కోట్ల మిషన్లు లేవు.

అది అమెరికా, పైసలున్న దేశం అనొచ్చు మీరు. అయితే మన పక్కకే వద్దాం. చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో 'స్నేహ' అనే సంస్థ పెట్టారు. అప్పటికి మన దేశంలో ఆత్మహత్యకు ప్రయత్నించడం నేరం. ఆసుపత్రికి తీసుకపోతే పోలీసు కేసు అయితదని ఇంట్లో దాచేవాళ్ళు. తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో ఒక పరీక్ష చేసింది. చెన్నై, కొలంబో, ఇరాన్‌లోని కరజ్, చైనాలోని యున్‌చెంగ్, బ్రెజిల్‌లోని కాంపినాస్. ప్రయత్నించి బతికిన 1,867 మంది. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగానికి దాంతో పాటు ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడడం, 18 నెలల్లో తొమ్మిది సార్లు పలకరించడం. 2008లో వచ్చిన లెక్క చూడండి: మామూలు వైద్యం అందినవాళ్ళలో 2.2 శాతం మంది తర్వాత ఆత్మహత్యతో పోయారు, పలకరింపు అందినవాళ్ళలో 0.2 శాతం. 'పోవాలనుకున్నోన్ని ఎవరు ఆపుతరు' అన్న మాటకు ఇదే జవాబు. ఆ ఆలోచన అల లాంటిది, లేస్తది, పడుతది. లేచినప్పుడు పక్కన మనిషి ఉండాలె.

చట్టం కూడా కదిలింది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 2018 మే నుంచి అమల్లోకి వచ్చింది. ప్రయత్నించినవాడు తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి, శిక్ష కాదు వైద్యం ఇవ్వాలి అని అది చెప్పింది. 2022 అక్టోబర్ 10న టెలి మానస్ మొదలైంది. నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. 2023 డిసెంబర్‌లో సైన్యం వాళ్ళ కోసం పుణె సైనిక వైద్య కళాశాలలో దానికి ప్రత్యేక విభాగం పెట్టారు. సైనికుడి కష్టం వేరు, ఆ కష్టం తెలిసినోళ్ళే ఫోన్ ఎత్తాలె అని సర్కారుకు అర్థమైంది.

మరి మన కష్టం? సైనికుడిలాగే మనం ఇల్లు విడిచి, మగవాళ్ళ మధ్య బ్యారక్ లాంటి రూముల్లో ఉంటం. ఏడిస్తే నవ్వుతరని దాచుకుంటం. ఇంటికి ఫోన్ చేస్తే 'మంచిగున్న' అనే చెప్తం. సైనికుడికి పింఛను, ఆసుపత్రి ఉన్నయి. మనకు ఏజెంటు అప్పు, దాని మీద మిత్తి, ఆగిన జీతం ఉన్నయి. కాబట్టి జీతం ఇప్పించుడు, అప్పుకు దారి చూపుడు కూడా ప్రాణం కాపాడే పనే. డాక్టరు ఒక్కడే అన్నీ చేయలేడు. కానీ డాక్టరు చేయగలిగింది చేయాలె కదా.

మా క్యాంపులో జగిత్యాల వైపు పిల్లగాడు ఒకడు పది దినాలు అన్నం సరిగ్గ తినలే. క్లినిక్‌కు తీసుకపోతే తలనొప్పి గోళీలిచ్చి పంపిండ్రు. 'ఏమన్న రంది ఉందా, చచ్చిపోవాలనిపిస్తుందా' అని ఒక్క మాట అడగలే. రూములోళ్ళే వంతులేసుకుని రాత్రిళ్ళు పక్కన పడుకుండ్రు, ఊరికి మాట్లాడి టికెట్టు చేసి పంపిండ్రు. ఇప్పుడు ఆటో నడుపుకుంటున్నడు. బాగైంది. కానీ అడగాల్సిన ప్రశ్న తెలిసిన నర్సు ఒక్కరుంటే మొదటి రోజే అయిపోయేది. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుడుతదనే భయం అక్కర్లేదు. పరిశోధనలు అట్లా జరగదనే చెప్పినయి. అడిగితే బరువు దిగుతది.

అందుకే మేము కోరేది మూడు. క్యాంపు క్లినిక్కుల్లో ఉండే డాక్టర్లకు, నర్సులకు ఈ ప్రశ్నలు అడుగుడు, ఈ ఆరు మెట్ల కాయితం రాయించుడు నేర్పాలె. ఆ కాయితం హిందీలో, తెలుగులో, బెంగాలీలో ఉండాలె. ఇంటికి పంపినా, రూముకు పంపినా వారం తిరగక ముందే ఫోన్ చేయాలె. ఎంబసీ ఓపెన్ హౌస్‌కు పోయేటోళ్ళు, మన సంఘాలోళ్ళు ఈ మాట అక్కడ పెట్టుండ్రి.

అప్పటిదాక మనం చేసేది. పక్క మంచం మనిషి మారిపోతే నేరుగా అడుగు. తిట్టకు, ఒట్టు పెట్టించకు, విను. ప్రమాదం ఉందనిపిస్తే ఒంటరిగా వదలకు. ప్రాణం మీదికి వస్తే 9999కు ఫోన్ చేయి, లేదా దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకపో. మానసిక వైద్యం కోసం మస్కట్ పక్కన అమరాత్‌లో అల్ మసర్రా ఆసుపత్రి ఉంది. ఊర్లో ఇంటోళ్ళు రందితో ఉంటే వాళ్ళకు 14416 చెప్పు. ఊరికి పోయినోళ్ళకు నెలకొక మెసేజ్ పెట్టు, 'ఎట్లున్నవ్ అన్నా' అని. అంతకన్నా ఎక్కువ అక్కర్లేదు.

ఇది సదువుతున్నోళ్ళలో ఎవరికన్నా చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే, ఫోన్ పక్కన పెట్టి ఇప్పుడే రూములో ఒకర్ని లేపు. రాత్రి రెండయినా సరే, డ్యూటీ ఉన్నా సరే. నిద్ర పాడైనందుకు ఎవరూ కోపం చేసుకోరు.